నిలిచి విసరాలా, పరుగు తీయాలా? క్వార్టర్‌బ్యాక్ ప్రశ్నకు ఒక వైద్యుని సమాధానం

అమెరికన్ ఫుట్‌బాల్ అభిమానుల మధ్య దశాబ్దాలుగా తెగని వివాదం ఒకటున్నది. జట్టును ముందుండి నడిపించే క్వార్టర్‌బ్యాక్ తన రక్షకుల మధ్యనే నిలిచి బంతిని విసరాలా, లేక సందు దొరికినప్పుడు తానే బంతితో పరుగు తీయాలా అన్నది ఆ వివాదం. పైకి ఇది వ్యూహానికి సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. కానీ ఇరుపక్షాల వాదనలూ చివరకు వచ్చి ఆగేది శరీరం దగ్గరే. పరుగెత్తేవాడికి దెబ్బలెక్కువ, పది కాలాలపాటు ఆడలేడని ఒక పక్షం అంటుంది. నిలబడినవాడు కదలని గురి వంటివాడు, వాడికే కాళ్లు విరుగుతాయని రెండవ పక్షం అంటుంది. ఈ రెండూ వైద్యశాస్త్రం తేల్చవలసిన మాటలే కనుక, ఆరోగ్య విషయాలు చర్చించుకునే ఈ చోట వీటిని పరిశీలించడం అసందర్భం కాదు.

మరొక కారణమూ ఉన్నది. డాలస్ పరిసరాలలోనూ, న్యూజెర్సీలోనూ, ఇంకా అనేక చోట్లా స్థిరపడిన తెలుగు కుటుంబాల పిల్లలు ఈ ఆటను చూస్తూ పెరుగుతున్నారు. కొందరు బడి జట్లలో ఆడుతున్నారు కూడా. మనవడు శిరస్త్రాణం పెట్టుకొని దిగిన ఛాయాచిత్రం చూసి ఇక్కడి తాతయ్యలు, నాయనమ్మలు ఒకింత సంతోషిస్తారు, ఒకింత భయపడతారు. ఆ భయంలో ఎంత నిజమున్నదో తెలియాలంటే ఈ ఆటలో శరీరానికి ఏం జరుగుతుందో తెలియాలి.

ఆట సంగతి క్లుప్తంగా

పక్షానికి 11 మంది. బంతి దక్కిన జట్టు నాలుగు ప్రయత్నాలలో కనీసం 10 గజాలు ముందుకు సాగాలి. సాగితే మళ్లీ నాలుగు ప్రయత్నాలు లభిస్తాయి. దాదాపు ప్రతి ప్రయత్నమూ బంతి క్వార్టర్‌బ్యాక్ చేతికి అందడంతో మొదలవుతుంది. అతని ముందు ఐదుగురు భారీకాయులు వరుసగా నిలిచి ప్రత్యర్థులను అడ్డుకుంటారు. వారు ఒక్కొక్క అడుగే వెనుకకు వేస్తూ అతని చుట్టూ గుర్రపు లాడం ఆకారంలో కాపాడుకునే చిన్న ఖాళీ స్థలమే పాకెట్. అందులో నిలిచి, ఇంచుమించు మూడు సెకన్ల లోపల, దూరంగా పరుగెడుతున్న తనవాళ్లలో ఎవరికి బంతి విసరాలో అతను తేల్చుకోవాలి. విసరకముందే ప్రత్యర్థి వచ్చి పడగొడితే దానిని శాక్ అంటారు. పాకెట్ కూలిపోతున్నదని గ్రహించి బయటపడి పరుగు తీయడం, లేదా ముందే వేసుకున్న పథకం ప్రకారం తానే పరుగెత్తడం రెండవ మార్గం.

పాకెట్‌లోని శరీరం

పాకెట్ క్షేమమైన చోటు అన్న నమ్మకాన్ని మొదట పరీక్షిద్దాం. బంతి విసిరే క్షణంలో క్వార్టర్‌బ్యాక్ ముందు కాలు నేలలో నాటుకుంటుంది. బూటు అడుగున ఉండే మేకులు దానిని కదలనీయవు. నడుము, మొండెం ఆ కాలి మీదుగా వేగంగా తిరుగుతాయి. చెయ్యి పైకి లేచినందున పక్కటెముకల భాగానికి అడ్డు ఉండదు. కళ్లు ఇరవై, ముప్ఫై గజాల దూరంలో ఉన్న మనిషి మీద ఉంటాయి. సరిగ్గా ఆ స్థితిలో 120 కిలోల మనిషి పక్కనుంచో వెనుకనుంచో వచ్చి ఢీకొంటే, పాదం కదలదు కనుక ఆ బలమంతా మెలిపెట్టే బలంగా మారి మోకాలి మీద, మోకాలి కింది ఎముకల మీద పడుతుంది.

ఇందుకు నిదర్శనాలు ఆ దేశంలో అందరికీ తెలిసినవే. 1985 నవంబరు 18న వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ జో థైస్‌మన్‌ను న్యూయార్క్ జెయింట్స్ ఆటగాడు లారెన్స్ టేలర్ పడగొట్టినప్పుడు అతని కుడికాలి టిబియా, ఫిబులా ఎముకలు రెండూ విరిగాయి. అతను మళ్లీ ఆడలేదు. సరిగ్గా 33 సంవత్సరాల తరువాత, 2018లో అదే తేదీన, అదే వాషింగ్టన్ జట్టు క్వార్టర్‌బ్యాక్ అలెక్స్ స్మిత్‌కు శాక్‌లోనే కుడికాలి ఎముకలు విరిగి చర్మం చీల్చుకొని బయటికి వచ్చాయి. విరుగుడు కంటే దాని వెంట వచ్చిన ఉపద్రవం భయంకరమైనది. కండరాల పొరలను తినివేసే నెక్రొటైజింగ్ ఫాసియైటిస్ అనే ఇన్‌ఫెక్షన్ సోకి సెప్సిస్‌కు దారితీసింది. కాలు తీసివేయవలసి వస్తుందేమోనన్న పరిస్థితి ఏర్పడింది. 17 శస్త్రచికిత్సలు జరిగాయి. 2020లో అతను తిరిగి మైదానంలో అడుగుపెట్టడం వైద్యులకూ ఆశ్చర్యం కలిగించే సంగతి.

పాకెట్‌లో నిలిచి ఆడడానికి మారుపేరైన టామ్ బ్రేడీ 2008 సీజన్ మొదటి ఆటలోనే, విసురుతున్న క్షణంలో ఎడమ మోకాలికి తగిలిన దెబ్బతో ఆ ఏడాదంతా ఆటకు దూరమయ్యాడు. నేలమీద పడి ఉన్న ఆటగాడు క్వార్టర్‌బ్యాక్ కాళ్లమీదికి దూకరాదన్న నియమాన్ని ఆ మరుసటి ఏడాది స్పష్టం చేశారు. 2023 సెప్టెంబరులో 39 ఏళ్ల ఆరన్ రోజర్స్ కొత్త జట్టు తరఫున నాలుగవ ప్రయత్నానికే శాక్ అయ్యాడు. మడమ వెనుక ఉండే అకిలీస్ టెండన్ తెగిపోయింది. వీరిలో ఎవరూ ఆ క్షణంలో పరుగెత్తుతూ లేరు.

పరుగెత్తే శరీరం

పరుగులో పరిస్థితి వేరు. పరుగెత్తేవాడు ఎదురుగా వచ్చేవాడిని చాలావరకు చూస్తాడు. దెబ్బ తగలబోతున్నదని ముందే తెలిస్తే మెడ, భుజాలు, నడుము కండరాలు బిగుసుకుంటాయి. శరీరం ఒక దిమ్మలా మారి దెబ్బను పంచుకుంటుంది. మెడ బిగిసి ఉన్నప్పుడు తల ఊగే వేగం తగ్గుతుంది. తెలియని దెబ్బకు ఈ సన్నాహం ఉండదు. పైగా పరుగెత్తేవాడి పాదం ఒక్కచోట నాటుకొని ఉండదు కనుక కొంత బలం పక్కకు జారిపోతుంది. గీత దాటి మైదానం వెలుపలికి పోవచ్చు. కాళ్లు ముందుకు చాచి నేలమీద జారవచ్చు. దానిని స్లైడ్ అంటారు. అలా జారిన క్షణంలోనే ఆట ఆగినట్టు లెక్క. తరువాత అతణ్ణి కొట్టడం నేరం.

అయితే పరుగుకు తనవైన ప్రమాదాలున్నాయి. మొదటిది వేగం. ఢీకొనడంలోని శక్తి బరువుతో ఎంత పెరుగుతుందో అంతే కాదు, వేగం రెట్టింపైతే నాలుగు రెట్లవుతుంది. ఎదురెదురుగా వచ్చే ఇద్దరి వేగాలూ కలుస్తాయి. రెండవది, పాకెట్‌లో ఉన్నవాడికి నియమాలు ఇచ్చే ప్రత్యేక రక్షణలో చాలా భాగం పరుగు మొదలుపెట్టగానే పోతుంది. స్లైడ్ చేస్తే తప్ప అతను మిగిలిన ఆటగాళ్ల వంటివాడే. మూడవది అభిమానం. ఇంకొక్క గజం, ఇంకొక్క అడుగు అనిపించి తల వంచి దూసుకుపోవడం. మయామీ క్వార్టర్‌బ్యాక్ టువా టాగోవైలోవా 2024 సెప్టెంబరులో చేసినది అదే. స్లైడ్ చేయడానికి బదులు ముందుకు వంగి ఎదుటివాడి ఛాతీకి తల తాకించాడు. తత్‌క్షణమే మెదడు కుదుపుకు లోనై, చేయి బిగుసుకుపోయి పడివున్న ఆ దృశ్యం చూసినవారు మరచిపోలేరు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటున్నది. అదే టువాకు 2022 సెప్టెంబరులో సిన్సినాటిలో తగిలిన మెదడు దెబ్బ పరుగులోది కాదు, శాక్‌లోది. ప్రత్యర్థి అతణ్ణి పట్టి తిప్పి నేలకు కొట్టాడు, తల వెనుక భాగం నేలను తాకింది. ఒకే మనిషి, ఒకే రకమైన గాయం, రెండు భిన్నమైన దారులు. కనుక నిలబడితే క్షేమం, పరుగెత్తితే ప్రమాదం అన్న సూత్రం ఎంత పలుచనిదో చూడండి.

లెక్క ఎలా కట్టాలి?

వైద్యవిద్యలో మేము మొదట నేర్చుకునే పాఠాలలో ఒకటి, జబ్బుపడినవారి సంఖ్య ఒక్కటే చూసి ప్రమాదాన్ని అంచనా వేయరాదని. ఎంతమంది ఆ ప్రమాదానికి ఎదురుపడ్డారో కూడా చూడాలి. ఒక ఊళ్లో బావి నీళ్లు తాగినవారిలో పదిమందికి విరేచనాలు, చెరువు నీళ్లు తాగినవారిలో ఐదుగురికి విరేచనాలు అయితే, బావి నీళ్లే చెడ్డవనడానికి వీలులేదు. బావి నీళ్లు వేయిమంది, చెరువు నీళ్లు యాభైమంది తాగి ఉండవచ్చు.

క్వార్టర్‌బ్యాక్ గాయాల వాదనలో ఈ పొరపాటు రెండువైపులా కనిపిస్తుంది. పరుగెత్తేవాడు గాయపడితే, ఆ గాయం ఎక్కడ ఎలా తగిలిందో చూడకుండానే ‘చూశారా, పరుగు ఫలితం’ అంటారు. బాల్టిమోర్‌కు చెందిన లమార్ జాక్సన్ ఇందుకు మంచి ఉదాహరణ. 2019లో 1,206 గజాలు పరుగెత్తి, ఒక సీజన్‌లో క్వార్టర్‌బ్యాక్‌ల పరుగుకు అంతవరకు ఉన్న రికార్డును దాటాడు. 2022 డిసెంబరులో మోకాలి దెబ్బతో సీజన్ మిగిలిన ఆటలకు దూరమైనప్పుడు అతని పరుగునే నిందించినవారున్నారు. కానీ ఆ దెబ్బ తగిలింది శాక్‌లో. అటువైపు, పాకెట్‌లో నిలిచినవాడి కాలు విరిగితే అది దురదృష్టమంటారు గాని పాకెట్ ఫలితమనరు. ఒక గాయానికి స్వభావం కారణం, మరొక గాయానికి విధి కారణం! ఇది శాస్త్రీయమైన ఆలోచన కాదు.

సరైన లెక్క కట్టాలంటే శాక్‌లను, పథకం ప్రకారం తీసిన పరుగులను, తప్పించుకోవడానికి తీసిన పరుగులను వేరుచేసి, ఒక్కొక్కదానిలో వందకు ఎన్ని గాయాలో చూడాలి. ఆ విధంగా చూసినప్పుడు శాక్ తక్కువ ప్రమాదకరమేమీ కాదని తేలుతుంది. పాకెట్‌లో నిలబడడం అంటే శాక్‌లకు ఎదురు నిలబడడమే. 2002లో కొత్తగా ఏర్పడిన హ్యూస్టన్ జట్టులో తొలి ఏడాది ఆడిన డేవిడ్ కార్ ఒక్క సీజన్‌లో 76 సార్లు శాక్ అయ్యాడు. రక్షకులు బలహీనులైతే పాకెట్ పేరుకే పాకెట్.

దీర్ఘకాలం ఆడినవారి పట్టిక తీసినా ఒకే సమాధానం రాదు. 45 ఏళ్లవరకు ఆడిన బ్రేడీ, ఏళ్ల తరబడి ఒక్క ఆటా మానని ఫిలిప్ రివర్స్ పాకెట్ మనుషులు. అయితే 1961 నుంచి 1978 వరకు 18 సీజన్లు ఆడిన ఫ్రాన్ టార్కెంటన్ తప్పించుకొని పరుగెత్తడానికే పేరుపొందాడు. పొట్టిగా, తేలికగా ఉండే ఆ మనిషి దెబ్బను భరించడం మీద కాక దెబ్బకు అందకపోవడం మీద ఆధారపడ్డాడు.

ఒకే మైదానంలో ఇద్దరు

ఈ వివాదాన్ని అర్థం చేసుకోవడానికి 2013 జనవరి 6న జరిగిన ఒక ఆటకంటే మంచి పాఠం లేదు. ఒకవైపు వాషింగ్టన్ తరఫున రాబర్ట్ గ్రిఫిన్, రెండవవైపు సియాటిల్ తరఫున రస్సెల్ విల్సన్. ఇద్దరికీ అది తొలి సీజన్. ఇద్దరూ పరుగెత్తగలవారే. గ్రిఫిన్ 2012 ఎంపికలో దేశం మొత్తం మీద రెండవవాడు, విల్సన్ 75వ వాడు.

గ్రిఫిన్ కుడి మోకాలికి కళాశాల రోజుల్లో, 2009లో ఒకసారి లిగమెంటు తెగి శస్త్రచికిత్స జరిగింది. ఎముకను ఎముకతో కట్టి ఉంచే పట్టీలే లిగమెంట్లు. 2012 డిసెంబరులో ఒక పరుగు చివర అదే మోకాలికి మళ్లీ దెబ్బ తగిలింది. ఒక ఆట మాత్రం మాని తిరిగి ఆడాడు. జనవరి 6 ఆటలో మొదటి భాగంలోనే కుంటడం మొదలైంది. తాను ఆడగలనని అతను చెప్పాడు, కోచ్ ఆడనిచ్చాడు. నాలుగవ భాగంలో తక్కువ ఎత్తులో వచ్చిన బంతిని అందుకోబోతుండగా, ఎవరూ తాకకుండానే ఆ మోకాలు మడతపడిపోయింది. రెండు లిగమెంట్లు తెగాయి. అతను మళ్లీ ఆడాడు గాని తొలి ఏడాది గ్రిఫిన్ మరి కనిపించలేదు.

ఈ కథను పరుగు చేసిన నష్టంగా చెప్పడం పరిపాటి. వైద్యునిగా నేను అందులో సగమే ఒప్పుకుంటాను. డిసెంబరు దెబ్బ పరుగుది. జనవరి దెబ్బ పరుగుది కాదు, మానని గాయంతో ఆడించడానిది. వదులైన మోకాలికి నొప్పి ఒక్కటే లక్షణం కాదు. కీలు ఎక్కడుందో, ఎటు వంగుతోందో మెదడుకు చేరవేసే జ్ఞానం కూడా దెబ్బతింటుంది. అందువల్లనే ఎవరూ తాకకపోయినా అది విఫలమవుతుంది.

విల్సన్ సంగతి చూడండి. అతను 2012 నుంచి 2021 వరకు వరుసగా 149 లీగ్ ఆటలు ఆరంభించాడు. 2014లో 849 గజాలు పరుగెత్తాడు. అయినా పరుగు అతణ్ణి ఆపలేదు. బేస్‌బాల్‌లో వృత్తి జట్టుకు ఎంపికైన ఆటగాడు అతను. ఆ ఆటలో స్లైడ్ చేయడం ఓనమాలలో ఒకటి. గీత దగ్గర పడగానే బయటికి పోవడం, ఎదురుగా మనిషి కనిపించగానే జారిపోవడం అతనికి అలవాటు. 2021 అక్టోబరులో చివరకు అతని వరుసను తెంచినది పరుగు కాదు. బంతి విసురుతుండగా ఎదుటివాడి చేతికి తగిలి వేలి టెండన్ తెగింది.

ఇద్దరూ పరుగెత్తినవారే. తేడా పరుగులో లేదు, పరుగును ముగించిన తీరులో ఉన్నది. గాయం తరువాత తీసుకున్న నిర్ణయంలో ఉన్నది.

పాకెట్ గోడల మాటేమిటి?

క్వార్టర్‌బ్యాక్ పాకెట్‌లో నిలబడితే క్షేమమని చెప్పేవారు ఒక ప్రశ్న అడగరు. ఆ క్షేమాన్ని ఎవరు చెల్లిస్తున్నారు? ప్రతి ప్రయత్నంలోనూ ఆ ఐదుగురు రక్షకులు ఎదుటివారితో తలా తలా తాకేలా ఢీకొంటారు. స్పృహ తప్పదు, ఆట ఆగదు, ఎవరూ గమనించరు. ఇవి చిన్న దెబ్బలు. కానీ సంవత్సరాల తరబడి వేల సంఖ్యలో పడే చిన్న దెబ్బలు మెదడులో టౌ అనే ప్రోటీన్ అసహజంగా పేరుకోవడానికి, నాడీకణాలు క్షీణించడానికి దారితీయవచ్చు. దీనినే సి.టి.ఇ. అంటారు. జ్ఞాపకశక్తి తగ్గడం, కోపం, దిగులు, క్రమంగా మతిమరుపు దీని లక్షణాలు. బ్రతికి ఉండగా దీనిని ఖాయంగా నిర్ధారించే పరీక్ష లేదు. మరణానంతరం మెదడును పరీక్షించి చెప్పవలసిందే.

ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్లలో దీనిని మొదట గుర్తించినది మైక్ వెబ్‌స్టర్ మెదడులో. అతను పిట్స్‌బర్గ్ జట్టు సెంటర్, అంటే పాకెట్ గోడలో నట్టనడుమ నిలిచే మనిషి. 2002లో 50 ఏళ్లకే మరణించాడు. నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న పాథాలజిస్టు బెనెట్ ఒమాలు ఆ మెదడును పరీక్షించి 2005లో ప్రచురించాడు. 2017లో బోస్టన్ పరిశోధకులు ప్రచురించిన పరిశీలనలో 111 మంది మాజీ ఎన్‌ఎఫ్‌ఎల్ ఆటగాళ్ల మెదళ్లలో 110 మందికి ఈ మార్పులు కనిపించాయి. అవి అనుమానం ఉన్న కుటుంబాలు స్వచ్ఛందంగా దానం చేసిన మెదళ్లు కనుక, ఆడినవారందరిలో ఇదే నిష్పత్తి ఉంటుందని చెప్పరాదు. అయినా విస్మరించదగిన సంఖ్య కాదు. మోకాళ్లు దెబ్బతిని, ఆట చివరి ఏళ్లలో పాకెట్‌కే పరిమితమైన క్వార్టర్‌బ్యాక్ కెన్ స్టేబ్లర్ 2015లో మరణించిన తరువాత అతని మెదడులోనూ సి.టి.ఇ. కనిపించింది.

కాబట్టి పాకెట్ వల్ల క్షేమం పుట్టదు, ప్రమాదం ఒకరి నుంచి ఐదుగురికి పంపకమవుతుంది.

స్వభావం పేరిట వివక్ష

ఈ వాదనలో వైద్యం కాని మాట ఒకటి చాలాకాలం వైద్యం వేషంలో తిరిగింది. నల్లజాతి క్వార్టర్‌బ్యాక్‌లు పరుగెత్తేవారే గాని పాకెట్‌లో నిలిచి ఆలోచించేవారు కారని ముద్ర వేశారు. వారెన్ మూన్ వంటి గొప్ప విసిరేవాడిని 1978లో ఏ ఎన్‌ఎఫ్‌ఎల్ జట్టూ ఎంపిక చేసుకోలేదు. కెనడా వెళ్లి నిరూపించుకొని తిరిగివచ్చి, 2006లో ఆ క్రీడ కీర్తిమందిరంలో చేరాడు. 2018లో లమార్ జాక్సన్‌ను క్వార్టర్‌బ్యాక్‌గా కాక బంతి అందుకునే స్థానంలో ఆడించాలని సలహా ఇచ్చిన అనుభవజ్ఞులున్నారు. మరుసటి ఏడాదే అతను లీగ్ అత్యుత్తమ ఆటగాడిగా ఏకగ్రీవంగా ఎంపికయ్యాడు. రోగిని చూడకముందే రోగనిర్ధారణ చేయరాదన్న సూత్రం ఆటకూ వర్తిస్తుంది. ఒక మనిషి శరీరం దేనికి తగినదో అతని శరీరాన్ని చూసి చెప్పాలి, వర్ణాన్ని చూసి కాదు.

నా అభిప్రాయం

ఇంతకూ క్వార్టర్‌బ్యాక్ పరుగు తీయాలా వద్దా? తీయవచ్చునని నా నిశ్చితాభిప్రాయం. నిలబడడమూ తప్పు కాదు. తప్పు ఈ రెంటికీ నడుమ ఊగిసలాడడం. రక్షణ కూలిన తరువాత కూడా బంతిని పట్టుకొని, చూపు దూరాన నిలిపి, పాదం నేలలో నాటి వేచివుండే ఆ ఒక్క సెకనే ఎముకలకు, మోకాలికి, మెదడుకు అన్నిటికంటే చెడ్డది. ఆ సెకనును తగ్గించే ప్రతి పద్ధతీ మంచిదే. త్వరగా విసరడం మంచిది. పాకెట్ వెలుపలికి వచ్చి, ఎవరికీ అందకుండా బంతిని గీత బయటికి విసిరి ఆ ప్రయత్నాన్ని వదులుకోవడం మంచిది. సందు ఉంటే పరుగెత్తడమూ మంచిదే.

అయితే పరుగుకు నేను మూడు షరతులు పెడతాను. మొదటిది, పరుగు మొదలుపెట్టకముందే దాని ముగింపు మనసులో ఉండాలి: గీత బయటికా, స్లైడ్‌లోకా అని. రెండవది, స్లైడ్ కాళ్లు ముందుగా ఉండాలి, తొందరగా ఉండాలి. ఆలస్యమైన స్లైడ్‌లో ఎదుటివాడు ఆగలేడు, జారేవాడి తల సరిగ్గా అతని భుజం ఎత్తుకు వస్తుంది. తల వంచి దూసుకుపోవడం ఏ గజానికీ విలువైనది కాదు. మూడవది, గుంపులోకి నేరుగా పరుగెత్తించే పథకాలను వాడుకగా చేయరాదు. తప్పించుకొనే పరుగుకూ, గుంపును ఢీకొనే పరుగుకూ శరీరం దృష్టిలో పోలికే లేదు.

‘యౌవనంలో పరుగు సరే, వయసు మళ్లిన తరువాత?’ అన్న ప్రశ్న న్యాయమైనది. ముప్ఫై దాటిన తరువాత కండరం పేలుడు వేగం తగ్గుతుంది, తొడ వెనుక కండరాలు తొందరగా పట్టేస్తాయి, గాయం మానడానికి ఎక్కువ కాలం పడుతుంది. అందుచేత పరుగెత్తే యువకుడు పాకెట్ విద్యను కూడా తొలినాళ్లలోనే నేర్చుకోవాలి. కాళ్లు నెమ్మదించే రోజుకు కళ్లు, చేయి సిద్ధంగా ఉండాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. గాయపడినవాడు ఆడాలా వద్దా అన్నది ఆటగాడు, కోచ్ తేల్చవలసిన విషయం కాదు. ఆటగాడు ఎప్పుడూ ఆడతాననే అంటాడు. కోచ్‌కు గెలుపు కావాలి. తల దెబ్బల విషయంలో ఎన్‌ఎఫ్‌ఎల్ ఈ సత్యాన్ని కొంత గ్రహించి, జట్టుతో సంబంధంలేని నాడీవైద్య నిపుణులను మైదానంలో నియమించింది. 2022లో టువా తూలి పడిన తరువాత కూడా ఆడిన ఉదంతంతో, నడకలో తూలు కనిపిస్తే ఆ రోజుకు ఆట ముగిసినట్టేనని నిబంధనను కఠినం చేశారు. ఇదే అధికారం మోకాలి విషయంలోనూ స్వతంత్ర వైద్యునికి ఎందుకు ఉండరాదు? గ్రిఫిన్‌ను ఆ రోజు కాపాడగలిగినది పాకెట్ కాదు, ‘ఇక చాలు’ అని చెప్పి మాట నెగ్గించుకోగల ఒక వైద్యుడు.

పాకెట్ గోడగా నిలిచేవారికి జరగవలసినదీ ఉన్నది. ఆటలో దెబ్బలు తప్పనప్పుడు సాధనలోనైనా తగ్గించాలి. 2011 ఒప్పందం సీజన్ నడుమ పూర్తి కవచాలతో చేసే సాధనను 14 సార్లకు పరిమితం చేసింది. బడి జట్లు ఇంకా ముందుకు పోవాలి. పిల్లల మెడ కండరాలు బలహీనం, శరీరంతో పోలిస్తే తల పెద్దది.

తల్లిదండ్రులకు

అమెరికాలో ఉన్న మన కుటుంబాలు పిల్లవాడిని ఏ స్థానంలో ఆడిస్తున్నారన్న దానికంటే ఈ సంగతులు అడగడం మేలు. సాధనలో వారానికి ఎన్నిసార్లు ఢీకొట్టిస్తున్నారు? పడిపోవడం, స్లైడ్ చేయడం ప్రత్యేకంగా నేర్పుతున్నారా? మైదానం పక్కన శిక్షణ పొందిన ఆరోగ్య సిబ్బంది ఉన్నారా? తలకు దెబ్బ తగిలిన పిల్లవాడిని తిరిగి ఆడనిచ్చే నిర్ణయం ఎవరిది? చివరి ప్రశ్నకు చట్టమే సమాధానం చెబుతున్నది. వాషింగ్టన్ రాష్ట్రం 2009లో జాకరీ లిస్టెట్ అనే బాలుడి పేర చేసిన చట్టం మొదలు, 2014 నాటికి 50 రాష్ట్రాలూ బాల క్రీడాకారుల మెదడు దెబ్బలపై చట్టాలు చేశాయి. అనుమానం వస్తే ఆ పూట ఆట మాన్పించాలి, వైద్యుని వంటి అర్హులు అనుమతించేవరకు తిరిగి ఆడించరాదు. ఢీకొనకుండా, నడుముకు కట్టిన పట్టీ లాగితే ఆట ఆగే ఫ్లాగ్ ఫుట్‌బాల్ అన్న రూపమూ ఉన్నది. అది 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో చేరుతున్నది. చిన్నపిల్లలకు నా ఓటు దానికే.

శిరస్త్రాణం గురించి ఒక్క మాట. అది కపాలం పగలకుండా కాపాడుతుంది. కపాలం లోపల మెదడు ఊగడాన్ని పూర్తిగా ఆపలేదు. శిరస్త్రాణం ఉన్నది కదా అని తలతో కొట్టడం ఆత్మవంచన.

ఇక్కడ ఉన్న పాఠకులకూ ఇది పనికివచ్చే విషయమే. మోటారు సైకిలు మీదనుంచి పడినా, కబడ్డీలో తల నేలకు తగిలినా మెదడుకు జరిగేది అదే. దెబ్బ తరువాత తలనొప్పి, వాంతి, తూలు, కళ్లు మసకలు, అడిగినదే మళ్లీ అడగడం, అకారణమైన చిరాకు, మితిమీరిన మగత, వీటిలో ఏది కనిపించినా ఆ రోజుకు ఆటా, బండీ రెండూ మాని వైద్యుని చూడండి. తలనొప్పి అంతకంతకూ పెరిగినా, వాంతులు ఆగకపోయినా, మూర్ఛ వచ్చినా, మనిషి లేపితే లేవకపోయినా తెల్లవారేదాకా ఆగకండి. వెంటనే పెద్దాసుపత్రికి చేర్చండి. స్పృహ తప్పలేదు కనుక ఫర్వాలేదనుకోవడం ప్రాణం మీదికి తెచ్చే అపోహ. మెదడు కుదుపులలో అత్యధిక భాగం స్పృహ తప్పకుండానే జరుగుతాయి.